ఒక డబ్బా ప్రొద్దుటూరులో, ఒక కాపీ పులివెందులలో

ప్రొద్దుటూరులో పెళ్లి అయ్యాక స్టూడియో వాళ్లు ఇప్పుడు ఆల్బమ్‌తో పాటు ఒక పెన్‌డ్రైవో, చిన్న హార్డ్‌డిస్కో చేతిలో పెడుతున్నారు. గండికోట లోయ అంచున తీసిన ప్రీవెడ్డింగ్ వీడియో, తలంబ్రాలు, రిసెప్షన్, డ్రోన్‌తో తీసిన ఊరేగింపు అన్నీ కలిపితే వంద జీబీలు దాటడం మామూలే. దానికి తోడు ఇంట్లో నాలుగు ఫోన్లు, ఒక్కోదాంట్లో వేల ఫోటోలు. అమ్మవారిశాల దసరా, మైలవరం డ్యామ్ గేట్లు ఎత్తిన రోజు, కువైట్‌లో ఉన్న చిన్నాయన పంపిన వీడియోలు. ఫోన్ నిండిందని నోటీసు రాగానే ఏది తుడవాలన్న దానిమీద ఇంట్లో పంచాయితీ మొదలవుతుంది.

2021 జూన్ 1 దాకా ఈ గొడవ ఇంతగా లేదు. అంతవరకు గూగుల్ ఫోటోస్ ఒక మోస్తరు నాణ్యతతో ఎన్ని ఫోటోలైనా ఉచితంగా దాచిపెట్టేది. ఆ రోజు నుంచి కొత్త ఫోటోలన్నీ 15 జీబీ ఉచిత కోటాలోకే వస్తున్నాయి, అందులోనే జీమెయిల్ కూడా. ఆపైన కావాలంటే నెలనెలా కట్టాలి. 2 టీబీ ప్లాన్‌కు మన దేశంలో నెలకు 650 రూపాయలు ఉంటూ వచ్చింది. కట్టడం ఆపేసి కోటా మించిపోతే కొత్తవి ఎక్కవు, అలాగే ఎక్కువ కాలం వదిలేస్తే ఉన్నవి కూడా తీసేసే హక్కు వాళ్లకుంది.

అందుకని కొందరు 'నాస్' వైపు చూస్తున్నారు. నెట్‌వర్క్ అటాచ్డ్ స్టోరేజ్ అన్నదానికి అది పొట్టి పేరు. చూడ్డానికి చెప్పుల పెట్టెంత డబ్బా. లోపల ఒకటో రెండో హార్డ్‌డిస్కులు, వాటిని నడిపే చిన్న కంప్యూటర్. దీన్ని రూటర్‌కు కేబుల్‌తో తగిలిస్తే ఇంట్లోని ఫోన్లు, లాప్‌టాప్, టీవీ అన్నీ అందులోని ఫైళ్లను చూడగలవు. ఫోన్‌లో దాని యాప్ పెట్టుకుంటే, ఇంటి వైఫైలోకి రాగానే ఆ రోజు ఫోటోలు వాటంతట అవే డబ్బాలోకి వెళ్తాయి. ఇంటర్నెట్ పోయినా ఇంట్లో పనిచేస్తుంది. బంగారు అంగళ్లలో సీసీ కెమెరాల కింద ఉండే ఎన్‌వీఆర్ డబ్బా దీనికి దగ్గరి చుట్టమే కానీ, అది కెమెరాల వీడియో తప్ప మరొకటి తీసుకోదు.

ఇది అందరికీ అవసరం లేదు. ఇంట్లో మొత్తం డేటా ఒక టీబీ లోపు ఉండి, అదీ ఒకరిద్దరి ఫోన్లదే అయితే రెండు మామూలు యూఎస్‌బీ హార్డ్‌డిస్కులు కొనుక్కుని, రెంటిలోనూ కాపీ చేసి, ఒకటి తోడబుట్టిన వాళ్ల ఇంట్లో పెట్టండి. పదిహేను వేలకు అటూ ఇటుగా పని అయిపోతుంది. నాస్ కొంటే డబ్బా, రెండు డిస్కులు, యూపీఎస్ కలిపి నలభై వేల పైమాటే. గూగుల్‌కు కట్టే నెలకు 650 లెక్కన ఐదేళ్లకు అయ్యేది 39 వేలు. అంటే డబ్బు ఆదా కోసమే నాస్ కొనేవాళ్లు లెక్క మళ్లీ చూసుకోవాలి. నలుగురైదుగురు ఉన్న ఇల్లు, వీడియోలు ఎక్కువ, ట్యూషన్ పాఠాలు రికార్డు చేసే వాళ్లో, ఫోటో స్టూడియో నడిపే వాళ్లో ఉంటే నాస్ పెట్టుబడికి అర్థం ఉంటుంది. మన ఫోటోలు మన కప్పు కిందే ఉండాలన్న పట్టుదల కూడా తక్కువ కారణమేమీ కాదు.

డబ్బా ఎంపికలో ఎక్కువ తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. ఇంటికి రెండు డిస్కులు పట్టేది చాలు. సైనాలజీ, క్యూనాప్, టెర్రామాస్టర్ లాంటి కంపెనీలవి దొరుకుతాయి. పాత కంప్యూటర్‌లో ట్రూనాస్, ఓపెన్‌మీడియావాల్ట్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుని సొంతంగా తయారు చేసుకోవచ్చు గానీ, ఆ ఓపిక ఉన్న పిల్లాడు ఉద్యోగానికి బెంగళూరు వెళ్లిపోతే ఇంట్లో దాన్ని ముట్టుకునే వాళ్లుండరు. కొనేముందు రెండు ప్రశ్నలు అడగండి. స్నాప్‌షాట్ సౌకర్యం, అంటే ఫైళ్లను పాత స్థితికి వెనక్కి తెచ్చుకునే వీలు, ఉందా? ఇంకా ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారు? అలాగే ఏ కంపెనీ డిస్కునైనా ఒప్పుకుంటుందో లేదో చూసుకోండి. సైనాలజీ 2025లో తన ప్లస్ మోడళ్లకు తాను ఆమోదించిన డిస్కులే వేయాలని పట్టుబట్టి, కొనేవాళ్లు తిరగబడ్డాక అదే ఏడాది అక్టోబరులో వెనక్కి తగ్గింది.

డిస్కు దగ్గర మాత్రం కాస్త నిలబడి చూసుకోవాలి. మన వైపు కంప్యూటర్ అంగళ్లలో ఎక్కువగా నిలవ ఉండేది సీసీ కెమెరాలకు వాడే డిస్కులు. 'ఇదీ అదే సార్' అంటారు. పనిచేయదని కాదు, కానీ అవి ఆగకుండా వీడియో రాయడానికి తీర్చినవి. నాస్‌కు వెస్టర్న్ డిజిటల్ రెడ్ ప్లస్, సీగేట్ ఐరన్‌వుల్ఫ్ వంటి శ్రేణులు వేరుగా ఉన్నాయి. ఇంకో మెలిక ఉంది. కొన్ని డిస్కుల్లో చోటు కలిసొస్తుందని రాత వరుసలను ఒకదాని అంచుమీద మరొకటి పడేలా రాస్తారు. దాన్ని ఎస్‌ఎంఆర్ అంటారు. ఒక డిస్కు చెడి కొత్తది వేసినప్పుడు డేటా అంతా తిరిగి నింపడానికి ఇవి విపరీతంగా సమయం తీసుకుంటాయి, ఒక్కోసారి మధ్యలోనే మొరాయిస్తాయి. 2020లో వెస్టర్న్ డిజిటల్ తన రెడ్ డిస్కుల్లో కొన్నింటిని ఆ సంగతి చెప్పకుండానే ఇలా అమ్మిందని బయటపడి పెద్ద రచ్చ అయింది. పెట్టెమీదో, కంపెనీ వివరాల్లోనో సీఎంఆర్ (వరుసలు ఒకదానిమీద ఒకటి పడని రకం) అని ఉంటేనే తీసుకోండి. 2025 మొదట్లో, వాడేసిన డిస్కులను యూరప్‌లో కొత్తవిగా అమ్మిన ఉదంతం కూడా బయటికొచ్చింది. కాబట్టి డబ్బాలో వేయగానే డిస్కు ఆరోగ్య నివేదికలో అది ఎన్ని గంటలు నడిచిందో చూడండి. కొత్తదానికి సున్నాకు దగ్గరగా ఉండాలి. 4 టీబీ డిస్కు 3.6గానే కనిపిస్తే మోసం అనుకోకండి, అది లెక్కించే పద్ధతిలో తేడా.

ఇక అందరూ పొరబడే చోటు. రెండు డిస్కులు వేసి 'రైడ్ 1' అన్న అమరికను ఎంచుకుంటే డబ్బా ప్రతి ఫైలును రెంటిలోనూ ఒకేసారి రాస్తుంది. ఒక డిస్కు చచ్చినా రెండోది నడుస్తుంది. 1988లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు రాసిన పరిశోధన పత్రంతో ఈ రైడ్ పేరు స్థిరపడింది. మంచిదే. కానీ 'రెండు కాపీలున్నాయి, ఇక భయం లేద'ని ధీమా పడటం తప్పు. జవుళి అంగడిలో ఇద్దరు గుమాస్తాలు పక్కపక్కన కూర్చుని ఒకే చిట్టాను రెండు పుస్తకాల్లో రాస్తున్నారనుకోండి. ఒక గుమాస్తా సెలవు పెట్టినా లెక్క ఆగదు. యజమాని పొరపాటున ఒక పద్దు కొట్టేయమంటే మాత్రం ఇద్దరూ కొట్టేస్తారు. అంగడికి నిప్పంటుకుంటే రెండు పుస్తకాలూ కాలిపోతాయి. రైడ్ సంగతీ అంతే. డిస్కు చెడిపోవడం నుంచి మాత్రమే అది కాపాడుతుంది. పొరపాటున తుడిచినా, వైరస్ పట్టినా, దొంగ డబ్బానే ఎత్తుకెళ్లినా, పిడుగు పడినా రైడ్ చేయగలిగింది ఏమీ లేదు.

అసలు రక్షణ మరో ఊరిలో ఉన్న కాపీ. ఫోటోగ్రాఫర్లు చెప్పుకునే 3-2-1 సూత్రం కూడా ఇదే: మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే చోట. మన వైపు కుటుంబాలకు ఇది కష్టమేమీ కాదు. కొడుకు వ్యాపారం ప్రొద్దుటూరులో, అమ్మానాయన జమ్మలమడుగులో, కూతురు మెట్టినిల్లు పులివెందులలో ఉన్న ఇళ్లు ఎన్ని లేవు? అయితే రెండో కాపీ ఏ ఊళ్లో ఉండాలన్నది కొంచెం ఆలోచించాలి. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు రెండూ పెన్న ఒడ్డువే, రెండూ మైలవరం డ్యామ్‌కు దిగువనే. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిపోయింది. అదే వారంలో కమలాపురం దగ్గర పాపాఘ్ని వంతెన కూలింది. ఏటి పక్కన గట్టు తెగదని హామీ ఇచ్చేవాళ్లు లేరు. ప్రొద్దుటూరులో డబ్బా ఉంటే, కాపీ పెన్నకు దూరంగా పులివెందులలో ఉండటమే నా లెక్కలో మేలు.

ఆ కాపీ చేరేసే దారి రెండు రకాలు. సులువైనది: ఒక పెద్ద యూఎస్‌బీ హార్డ్‌డిస్కును డబ్బాకు తగిలించి బ్యాకప్ తీసి, ముద్దనూరు మీదుగా వెళ్లే బస్సులో ఆడబిడ్డ ఇంటికి చేర్చడం. ఇలాంటివి రెండు ఉంచుకుని ఉగాదికి ఒకటి, దసరాకు ఒకటి మార్చుకోవాలి. రెండోది: అక్కడ కూడా ఒక చిన్న నాస్ పెట్టి ఇంటర్నెట్ మీద రాత్రిపూట కాపీ అయ్యేలా అమర్చడం. ఇందులో ఒక కిటుకు ఉంది. ఒక టీబీని 40 ఎంబీపీఎస్ అప్‌లోడ్ వేగంతో పంపాలంటే రెండు రోజులు దాటుతుంది. నాలుగు టీబీలైతే తొమ్మిది పైనే. అందుకే రెండో డబ్బాను ముందు ప్రొద్దుటూరు ఇంట్లోనే పక్కన పెట్టి మొత్తం కాపీ చేయించి, ఆ తర్వాత పులివెందులకు తీసుకెళ్లండి. ఆపైన ప్రతి రాత్రి వెళ్లేది ఆ రోజు చేరిన కొత్త ఫోటోలే. ఎవరింట్లో పెట్టినా బ్యాకప్‌ను ఎన్‌క్రిప్ట్ చేసి ఉంచండి, దాని పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాసి బీరువాలో భద్రపరచండి. మరిచిపోతే దాన్ని తెరిచే నాథుడు లేడు.

వేగం సంగతి ఒక్క మాటలో. నాస్‌ను వైఫై మీద కాదు, కేబుల్‌తోనే రూటర్‌కు కలపండి. ఆ రూటర్ సాకెట్ గిగాబిట్‌దై ఉండాలి. కనెక్షన్‌తో పాటు ఉచితంగా ఇచ్చిన కొన్ని రూటర్లలో పాత 100 ఎంబీపీఎస్ సాకెట్లు ఉంటాయి. వాటి మీద ఒక టీబీ కాపీకి రోజంతా పడుతుంది, గిగాబిట్ అయితే రెండున్నర గంటలు. పాత మట్టిమిద్దెల్లో, రాతిగోడల ఇళ్లలో 5 గిగాహెర్ట్జ్ వైఫై పక్క గదికి కూడా సరిగా అందదని గుర్తుంచుకోండి.

ఎండ మన జిల్లాకు కొత్త కాదు. వేసవిలో 43, 44 డిగ్రీలు చూస్తూనే ఉంటాం. చాలా డిస్కులు 60 డిగ్రీల దాకా తట్టుకుంటాయని కంపెనీలు రాస్తాయి గానీ, 45 లోపు ఉంచడం మేలు. గూట్లో కడప బండ అర మీద పెట్టడం బాగానే ఉంటుంది, కానీ ముందు తలుపు మూసే గూడు, రేకుల గది, పై మిద్దె వద్దు. నేల మీద పెడితే దుమ్ము ఫ్యాన్‌లోకి పోతుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా చిన్న యూపీఎస్ ఒకటి వేరుగా కొనండి. కరెంటు మారే ఆ క్షణంలో కొన్ని ఇన్వర్టర్ల కింద డబ్బా ఆగి మళ్లీ మొదలవుతుంది, రాస్తున్న ఫైలు పాడవుతుంది. పైగా బ్యాటరీ అయిపోతోందని ఇన్వర్టర్ డబ్బాకు చెప్పలేదు. యూఎస్‌బీ తీగ ఉన్న యూపీఎస్ చెప్పగలదు, డబ్బా తనంతట తాను మర్యాదగా ఆగిపోతుంది. కరెంటు ఖర్చుకు భయపడనక్కర్లేదు. రెండు డిస్కుల డబ్బా 20 వాట్ల దగ్గర తింటుంది, నెలకు 15 యూనిట్ల లోపే.

కువైట్ నుంచి ఫోటోలు చూడాలన్న కోరిక దగ్గరే ప్రమాదం ఉంది. కొందరు రూటర్‌లో పోర్టు తెరిచి డబ్బాను నేరుగా ఇంటర్నెట్‌కు ఎక్కిస్తారు. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే దొంగ సాఫ్ట్‌వేర్ అలా తెరిచి ఉంచిన క్యూనాప్ డబ్బాలలోని ఫైళ్లకు తాళం వేసి, బిట్‌కాయిన్లలో డబ్బు అడిగింది. అంతకుముందు 2021 జూన్‌లో, అప్‌డేట్లు ఆగిపోయిన వెస్టర్న్ డిజిటల్ మై బుక్ లైవ్ డబ్బాలు ఎంతోమంది ఇళ్లలో దూరం నుంచే ఖాళీ అయిపోయాయి. పోర్టు ఎన్నడూ తెరవకండి. మన ఊళ్ల కనెక్షన్లు చాలావరకు ఒకే చిరునామాను ఎన్నో ఇళ్లకు పంచే పద్ధతిలో ఉంటాయి కాబట్టి తెరిచినా తరచుగా పనిచేయదు. కంపెనీ ఇచ్చే రిలే సేవ, లేదా టెయిల్‌స్కేల్ లాంటి ప్రైవేటు దారి వాడితే కువైట్ చిన్నాయనకు ఫోటోలు కనిపిస్తాయి, దొంగకు కనిపించవు.

మొదటిసారి ఆన్ చేశాక చేయాల్సినవి ఎక్కువేం కాదు. 'అడ్మిన్' పేరుతో వచ్చే ఖాతాను ఆపేసి, ఇంట్లో ఒక్కొక్కరికి వేరే ఖాతా తెరవండి. రెండంచెల లాగిన్ పెట్టండి. అప్‌డేట్లు వాటంతట అవే వచ్చేలా ఉంచండి. డబ్బా చిరునామా మారకుండా రూటర్‌లో స్థిరం చేయండి. రోజుకొక స్నాప్‌షాట్ తీసేలా అమర్చితే, పిల్లవాడు ఒక ఫోల్డర్ మొత్తం తుడిచేసినా నిన్నటి స్థితికి వెనక్కి వెళ్లవచ్చు. నెలకోసారి డిస్కు పరీక్ష జరిపించి, తేడా ఉంటే మీ ఫోన్‌కు నోటీసు వచ్చేలా చేయండి. డబ్బాను ఎవరు అమర్చినా, ఇంట్లో ఇంకొకరికి దాన్ని తెరవడం నేర్పించండి.

అన్నీ సర్దుకున్నాక ఒక పెళ్లి ఫోల్డర్‌ను పులివెందుల కాపీ నుంచి వేరే లాప్‌టాప్‌లోకి వెనక్కి తెప్పించి, వీడియో మొదటి నుంచి చివరిదాకా ఆడుతోందో లేదో చూడండి. అది ఆడేదాకా ఫోన్లలోవీ, స్టూడియో ఇచ్చిన పెన్‌డ్రైవ్‌లోవీ తుడవకండి.