రైల్లో ఫోన్ ఎందుకు కలవదు? తప్పంతా వేగానిది కాదు

సికింద్రాబాద్‌లో వందే భారత్ ఎక్కిన అమ్మాయి ఖమ్మం దాటాక ఫోన్ చేస్తానంది. టైం దాటిపోయింది. అమ్మీ చేస్తే ‘కవరేజ్ ఏరియాలో లేదు’ అని వస్తోంది. పది నిమిషాల్లో ఇల్లంతా కంగారు. చాలా ఇళ్లలో జరిగేదే ఇది.

రైలు స్పీడు వల్లే సిగ్నల్ అందడం లేదని మనం అనుకుంటాం. నిజానికి 4జీని గంటకు 350 కి.మీ. వేగంలోనూ పనిచేసేలా రూపొందించారు. ఈ రూట్‌లో మన రైలు 130 కి.మీ. మించదు. మక్కా-మదీనా మధ్య 300 కి.మీ. వేగంతో వెళ్లే హరమైన్ రైల్లో అయితే వేగం గురించి కొంత ఆలోచించాలి.

ఇక్కడ పెద్ద అడ్డంకి బోగీయే. చుట్టూ లోహం, తెరుచుకోని కిటికీలు. ఎండ వేడి ఆపడానికి అద్దాలపై పలుచని లోహపు పూత వేస్తే అది సిగ్నల్‌నూ ఆపేస్తుంది. అలాంటి అద్దం దాటి లోపలికొచ్చేది వందో వంతు కూడా ఉండకపోవచ్చు. కిటికీ తెరిచిన స్లీపర్ బోగీలో ఫోన్ బాగా పలికేది ఇందుకే.

రెండోది టవర్లు. ఊళ్లలో దగ్గరదగ్గరగా ఉంటాయి, పొలాల మధ్య దూరం దూరం. మూడు కిలోమీటర్లకో టవర్ ఉందనుకుంటే, నిమిషంన్నర లోపే ఫోన్ పాత టవర్‌ను వదిలి కొత్తది పట్టుకోవాలి. పదహారు బోగీల వందే భారత్‌లో 1,128 సీట్లు. అన్ని ఫోన్లూ దాదాపు ఒకేసారి మారుతుంటే కొన్ని కాల్స్ కట్ అవుతాయి.

ఇంకో చిక్కు: సిగ్నల్ తగ్గేకొద్దీ ఫోన్ ఎక్కువ పవర్ వాడుతుంది. బ్యాటరీ త్వరగా అయిపోతుంది. అప్పుడు వినిపించేది ‘స్విచాఫ్’. ఇంట్లో వాళ్ల భయం రెట్టింపు.

కాబట్టి మాట్లాడాల్సింది వరంగల్, విజయవాడ లాంటి పెద్ద స్టేషన్లలో రైలు ఆగినప్పుడే మాట్లాడేయండి. 5జీ వస్తూ పోతూ ఉంటే సెట్టింగ్స్‌లో 4జీకి మార్చండి. టికెట్ స్క్రీన్‌షాట్ ముందే తీసిపెట్టుకోండి. ఇంట్లో ఉన్నవాళ్లు పదేపదే కాల్ చేసే బదులు ఒక ఎస్సెమ్మెస్ పంపండి, ఫోన్ మళ్లీ నెట్‌వర్క్‌లోకి రాగానే అది చేరుతుంది. రైలు ఎక్కడుందో తెలుసుకోవాలంటే రైల్వే నంబర్ 139 ఉంది. ఆలస్యమైందో లేదో అక్కడే చెబుతారు.