చదరంగం – నడిమి ఆట

యర్రగొండపాలెం పల్లెల్లో పులిమేక ఆట తెలియనివారు తక్కువ. మేక వెనక చోటు ఖాళీగా ఉంటే పులి దూకి మేకను తినేస్తుంది. వెనక ఇంకో మేక ఉంటే పులి ఏమీ చేయలేదు.

చదరంగంలోనూ తోడే బలం. 64 గడులు. ఒక్కొక్కరికి 16 పావులు. బంట్లు కదిలి, గుర్రాలు, శకటులు బయటికి వచ్చాక నడిమి ఆట మొదలవుతుంది. చాలా ఆటలు ఇక్కడే పోతాయి. ఎందుకు? తొందర వల్ల.

ఊరికే దొరికినట్టు ఒక బంటు కనిపిస్తుంది. ఆశపడి మంత్రితో కొడతాం. దానికి వెనక ఏనుగు కాపలా ఉంది. మన మంత్రి పోతుంది! బంటు విలువ 1. గుర్రం, శకటు 3. ఏనుగు 5. మంత్రి 9. తొమ్మిది ఇచ్చి ఒకటి తెచ్చుకుంటే అది బేరమా?

ఎత్తు వేసేముందు మూడు సంగతులు చూడాలి.

1. ఎదుటివారు ఈ ఎత్తు ఎందుకు వేశారు?

2. మన పావుల్లో తోడు లేనిది ఏది?

3. పని లేకుండా మూల కూర్చున్నది ఏది? దాన్ని ముందుకు తేవాలి.

కోనేరు హంపి గుడివాడలో పుట్టారు. తండ్రి దగ్గర ఆట నేర్చారు. 2002లో, 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయ్యారు. పెళ్లయి, బిడ్డ పుట్టి, కొంతకాలం ఆటకు దూరమయ్యారు. తిరిగొచ్చి 2019లో, మళ్లీ 2024లో మహిళల ర్యాపిడ్ చదరంగంలో ప్రపంచ విజేతగా నిలిచారు.

బల్ల లేదా? నేలమీద గడులు గీయండి. అట్టముక్కల మీద పావుల పేర్లు రాయండి. ఆటా వస్తుంది, రాతా వస్తుంది. ఆడపిల్లల్నీ కూర్చోబెట్టండి. చెయ్యి కదిలేముందు కన్ను కదలాలి.