పిల్లలు కలగకపోతే పరీక్ష ఇద్దరికీ

"పెళ్ళయి ఏడేళ్ళయింది డాక్టరుగారూ, కోడలికి అన్ని పరీక్షలూ చేయించాం" అంటూ అత్తగారు లావుపాటి ఫైలు మా ముందు పెడతారు. "మరి మీ అబ్బాయికి?" అని అడిగితే, "వాడికేమండీ, దుక్కలా ఉన్నాడు" అంటారు. ఈ మాట మేము తరచుగా వింటుంటాము. అయితే సంతానం లేని దంపతులలో దాదాపు సగం మందికి భర్తలో కూడా ఏదో ఒక కారణం ఉంటుంది. అలాంటి ఒక కారణాన్ని ఇక్కడ వివరిస్తున్నాము.

డాజ్ జన్యువు అంటే ఏమిటి?

శరీరం చేసే పనులకు కావలసిన సూచనలు జన్యువులలో ఉంటాయి. ఈ జన్యువులు క్రోమోజోములపై వరుసగా ఉంటాయి. వై క్రోమోజోము తండ్రి నుండి కొడుకుకు వస్తుంది. దానిపై ఉండే డాజ్ జన్యువుకు సాధారణంగా నాలుగు ప్రతులు ఉంటాయి. వృషణాలలో వీర్యకణాలుగా మారవలసిన బీజకణాలకు కావలసిన ఒక ప్రోటీను దీని వల్ల తయారవుతుంది.

వీర్యకణాలు లేని ఆరుగురు పురుషులలో వై క్రోమోజోము ముక్క ఒకటి లోపించిందని 1976లో ఇటలీ శాస్త్రవేత్తలు టియెపోలో, జుఫార్డీ తెలిపారు. 1995లో అమెరికాలో డేవిడ్ పేజ్ బృందం అక్కడ ఉండే డాజ్ జన్యువును గుర్తించింది.

ఇది లోపిస్తే ఏమవుతుంది?

వీర్యకణాలు బాగా తగ్గిపోవచ్చు, లేదా అసలే ఉండకపోవచ్చు. మనిషి మాత్రం ఆరోగ్యంగానే ఉంటాడు. దాంపత్య జీవితానికి ఆటంకం ఉండదు. కాబట్టి పైకి చూసి ఎవరూ చెప్పలేరు. చాలామందిలో ఈ లోపం తండ్రికి ఉండదు, కొత్తగా వస్తుంది. ఇది ఎవరి తప్పూ కాదు, ఎవరి శాపమూ కాదు.

ఎలా తెలుసుకోవాలి?

మొదట వీర్య పరీక్ష చేయించాలి. 2 నుండి 7 రోజులు దూరంగా ఉండి నమూనా ఇవ్వాలి. ఫలితం బాగా లేకపోతే మళ్ళీ ఒకసారి చేయాలి. కణాలు లేకపోయినా, చాలా తక్కువగా ఉన్నా హార్మోను పరీక్షలు, క్రోమోజోము పరీక్ష, వై క్రోమోజోము లోపానికి రక్తపరీక్ష అవసరమవుతాయి. కణాలు లేకపోవడానికి నాళం మూసుకుపోవడం, హార్మోను లోపం వంటి వేరే కారణాలు కూడా ఉంటాయి. వాటిలో కొన్నింటికి మంచి చికిత్స ఉంది.

చికిత్స ఉందా?

లోపించిన జన్యువును ఏ టానిక్కూ, లేహ్యమూ, ఇంజక్షనూ తిరిగి తెప్పించలేవు. వాటికోసం అప్పులు చేయకండి. అయితే డాజ్ భాగం మాత్రమే లోపించినవారిలో దాదాపు సగం మందికి వృషణం నుండి తీసిన చిన్న ముక్కలో వీర్యకణాలు దొరుకుతాయి. ఒక్కొక్క కణాన్ని ఒక్కొక్క అండంలోకి ఎక్కించే 'ఇక్సీ' పద్ధతిలో బిడ్డ కలిగే అవకాశం ఉంది. మగబిడ్డ పుడితే ఇదే లోపం అతనికీ వస్తుంది. ఆడపిల్లకు తండ్రి వై క్రోమోజోము రాదు కనుక ఈ లోపం రాదు. ఈ సంగతులు ముందే తెలుసుకొని భార్యాభర్తలిద్దరూ కలిసి నిర్ణయించుకోవాలి. దత్తత కూడా ఒక మంచి మార్గమే.

ఏడాది కాపురం తరువాత కూడా గర్భం రాకపోతే, భార్య వయసు 35 దాటితే 6 నెలలకే, ఇద్దరూ కలిసి రండి. భర్తకు చేసే వీర్య పరీక్ష తేలికైనది, కోత లేనిది. అది చేయకుండా ఏ ఆడకూతురినీ గొడ్రాలు అనకండి.