చిన్న కారుకు ఎంత డీజిల్ ఇంజిన్ చాలు? రాయ్‌పూర్ దారులు చెప్పే లెక్క

రాయ్‌పూర్ నుంచి పడమటికి సుమారు 30 కిలోమీటర్లు వెళ్తే భిలాయ్. ఉక్కు కర్మాగారం పుణ్యమా అని రెండు మూడు తరాలుగా అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో. ఆగ్నేయ దిక్కుకు 20 కిలోమీటర్లకు పైగా వెళ్తే నవా రాయ్‌పూర్. 2012లో ఛత్తీస్‌గఢ్ సచివాలయం అక్కడికి తరలాక ఆ దారిలోనూ రోజూ కార్ల బారులే. ఈ దారుల్లో ఉద్యోగానికి వెళ్లివచ్చేవారు చిన్న కారు కొనాలనుకున్నప్పుడు తరచుగా వినిపించే సలహా ఒకటుంది: "డీజిల్ తీసుకో, అందులోనూ చిన్న ఇంజిన్ చూసుకో, మైలేజీ బాగా వస్తుంది." ఇందులో నిజమెంత?

ఇంజిన్ ఎంత చిన్నదైతే అంత తక్కువ తాగుతుందనుకోవడం సహజం. ప్రభుత్వ ప్రమాణాల ప్రకారం ధ్రువీకరించిన అంకెలను చూస్తే మాత్రం ఆ నమ్మకం సడలుతుంది. 2015లో వచ్చిన మారుతీ సెలెరియో డీజిల్‌లో ఉన్నది రెండే సిలిండర్ల 793 సీసీ ఇంజిన్. దాని మైలేజీ లీటరుకు 27.62 కిలోమీటర్లు. టాటా టియాగోలోని మూడు సిలిండర్ల 1047 సీసీ ఇంజిన్‌కు 27.28. హ్యుందాయ్ గ్రాండ్ ఐ10లోని 1120 సీసీ ఇంజిన్‌కు 24. 2017 నాటి మారుతీ డిజైర్‌లోని నాలుగు సిలిండర్ల 1248 సీసీ ఇంజిన్‌కు ఏకంగా 28.4. హోండా అమేజ్‌లోని 1498 సీసీ ఇంజిన్‌కు 2013లో 25.8. సీసీ పెరిగే కొద్దీ మైలేజీ తగ్గాలి కదా? ఈ వరుసలో అది ఒకసారి తగ్గింది, ఒకసారి పెరిగింది. అన్నిటికన్నా చిన్న ఇంజిన్‌ను దాదాపు ఒకటిన్నర రెట్లు పెద్ద ఇంజిన్ దాటేసింది.

కారణం తెలియాలంటే కారు నడవడానికి నిజంగా ఎంత శక్తి కావాలో చూడాలి. మనిషితో కలిపి 1000 కిలోల బరువున్న చిన్న కారు సమతల రోడ్డుపై గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకుందాం. టైర్ల దొర్లుడు నిరోధం సుమారు 120 న్యూటన్లు, గాలి నిరోధం మరో 80 న్యూటన్లు. ఈ రెండింటినీ అధిగమించడానికి కావలసిన శక్తి దాదాపు 3 కిలోవాట్లు, అంటే నాలుగు హార్స్‌పవర్. డిజైర్ డీజిల్ ఇంజిన్ సామర్థ్యం 75 హార్స్‌పవర్. అంటే చదునైన మైదానంలో ఉన్న రాయ్‌పూర్‌లో మామూలు ప్రయాణానికి ఆ సామర్థ్యంలో ఇరవయ్యో వంతు చాలు.

ఇంత తక్కువ భారం మీద నడిచేటప్పుడు పెట్రోలు ఇంజిన్ చాలా నష్టపోతుంది. వేగం తగ్గించాలంటే అది లోపలికి వెళ్లే గాలిని కవాటంతో నొక్కిపట్టాలి. ఆ సన్నని సందులోంచి గాలిని పీల్చడానికే కొంత ఇంధనం ఖర్చవుతుంది. ఇంజిన్ పెద్దదైతే ఈ నష్టమూ పెరుగుతుంది. డీజిల్ ఇంజిన్ తీరు వేరు. అది గాలిని దాదాపు స్వేచ్ఛగా పీల్చుకుని, చిమ్మే డీజిల్ పరిమాణాన్ని మాత్రమే తగ్గిస్తుంది. అందుకే అవసరానికి మించిన ఇంజిన్ ఉన్నందుకు పెట్రోలు కారు కట్టేంత జరిమానాను డీజిల్ కారు కట్టదు.

ఇక మిగిలేది రాపిడి. పిస్టన్లు, బేరింగులు, పంపులు తిరగడానికి అయ్యే ఖర్చు ఇంజిన్ పరిమాణాన్ని బట్టి, తిరిగే వేగాన్ని బట్టి పెరుగుతుంది. ఒకే వేగంతో తిరిగితే 793 సీసీ ఇంజిన్ కన్నా 1248 సీసీ ఇంజిన్ రాపిడి నష్టం స్థూలంగా 57 శాతం ఎక్కువ. కానీ రెండూ ఒకే వేగంతో తిరగాలన్న నియమం లేదు. పెద్ద ఇంజిన్ తిప్పుడు బలం 190 న్యూటన్ మీటర్లు, చిన్నదానిది 125. బలం ఎక్కువున్నది పై గేరులో నెమ్మదిగా తిరుగుతూ పని కానిస్తుంది. చిన్నది కింది గేరులో గట్టిగా తిరగాలి. ఒకటి నిమిషానికి 1400 చుట్లు, రెండోది 2000 చుట్లు తిరిగాయనుకుంటే ఆ 57 శాతం తేడా పది శాతానికి పడిపోతుంది. దానిపై కారు బరువు, గేర్ల అమరిక, ఇంధనాన్ని చిమ్మే పద్ధతి ప్రభావం చూపుతాయి. సీసీ ఒక్కటే మైలేజీని నిర్ణయించలేకపోవడానికి కారణమిదే.

రాయ్‌పూర్ ఎండలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. మే నెలలో ఉష్ణోగ్రత 42 డిగ్రీలు దాటడం అక్కడ కొత్త కాదు. అప్పుడు ఏసీ కంప్రెసర్ ఒక్కటే 2 కిలోవాట్ల దాకా లాగుతుంది. కారును నడపడానికి కావలసిన శక్తిలో ఇది మూడింట రెండు వంతులు! మైలేజీ పరీక్షను ఏసీ వేయకుండా, ప్రయోగశాలలో రోలర్ల మీద, నిర్ణీత వేగాలతో చేస్తారు. కాబట్టి కాగితం మీది 27 రోడ్డు మీద 20 దగ్గర ఆగితే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఏసీ భారం పడినప్పుడు అతి చిన్న ఇంజిన్ మీద ఒత్తిడి ఎక్కువ. పండగకు నలుగురు మనుషులు, సామానుతో విజయనగరం వైపు తూర్పు కనుమలు ఎక్కేటప్పుడు ఆ తేడా మరీ స్పష్టంగా తెలుస్తుంది. 793 సీసీ ఇంజిన్ ఉన్న సెలెరియో 2017లోనే మార్కెట్ నుంచి తప్పుకుంది. అదే ఇంజిన్‌ను మారుతీ తన చిన్న సరుకు రవాణా వాహనంలో వాడింది.

అయితే ఇంజిన్ పరిమాణం కన్నా ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది: అసలు డీజిల్ అవసరమా? 2012లో పెట్రోలుకూ డీజిల్‌కూ ధరలో లీటరుకు 30 రూపాయలకు పైగా తేడా ఉండేది. 2014 అక్టోబరులో డీజిల్ ధరపై నియంత్రణ ఎత్తేశాక ఆ తేడా కరిగిపోతూ వచ్చింది. లెక్క సులువు కోసం పెట్రోలు 100, డీజిల్ 93 రూపాయలనుకుందాం. పెట్రోలు కారు లీటరుకు 17, డీజిల్ కారు 21 కిలోమీటర్లు ఇస్తాయనీ, డీజిల్ కారుకు లక్ష రూపాయలు ఎక్కువ పెట్టామనీ అనుకుందాం. భిలాయ్ నుంచి రాయ్‌పూర్‌కు రోజూ 60 కిలోమీటర్లు, ఏడాదికి 280 రోజులు తిరిగితే ఇంధనంపై ఆదా సుమారు 24,000 రూపాయలు. నాలుగేళ్లలో లక్ష తిరిగొస్తుంది. ఊళ్లోనే రోజుకు 15 కిలోమీటర్లు తిరిగేవారికి ఆదా 6,000 మాత్రమే. లక్ష రాబట్టడానికి పదహారేళ్లు కావాలి. కారుకు తొలి రిజిస్ట్రేషన్ గడువే పదిహేనేళ్లు!

దీనికి తోడు 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 ప్రమాణాలు వచ్చాయి. డీజిల్ కారు కిలోమీటరుకు వదలగల మసి రేణువుల పరిమితి 25 మిల్లీగ్రాముల నుంచి 4.5కు తగ్గింది. ఆ మసిని పట్టే వడపోత పరికరం పొగగొట్టంలో ఉంటుంది. పోగైన మసిని కాల్చేయాలంటే అది 600 డిగ్రీల దాకా వేడెక్కాలి. అందుకు కొంతసేపు ఆగకుండా, నిలకడైన వేగంతో కారు నడవాలి. భిలాయ్ రోడ్డు మీద అది సాధ్యమే. సందుల్లో ఐదు కిలోమీటర్లు వెళ్లి ఆపేసే కారులో వడపోత మూసుకుపోయి, మరమ్మతు ఖర్చు మీద పడుతుంది. ఈ అదనపు పరికరాల ఖర్చు చిన్న కారుకు భారమవడంతో మారుతీ డీజిల్ కార్లు ఆపేసింది, టియాగో డీజిల్ కూడా ఆగింది. టాటా ఆల్ట్రోజ్ 1497 సీసీ ఇంజిన్‌తో కొనసాగింది. కాబట్టి చిన్న డీజిల్ ఇంజిన్ల మధ్య ఎంపిక ఇప్పుడు ఎక్కువగా పాత కార్ల బజారులోనే.

పాత బీఎస్-4 డీజిల్ కారు కొంటే జేబుకు లాభమేమో గానీ, ఊరి గాలికి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో విడుదల చేసిన జాబితాలో సూక్ష్మ ధూళి కణాల తీవ్రతలో రాయ్‌పూర్‌ది నాలుగో స్థానం. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని అదే సంస్థకు చెందిన పరిశోధనా విభాగం 2012లో ప్రకటించింది. మరో సంగతి: లీటరు డీజిల్ మండితే 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, పెట్రోలుకు 2.31 కిలోలు. మైలేజీలో కనిపించే ఆధిక్యంలో కొంత ఇక్కడే హరించుకుపోతుంది.

చివరికి లెక్క ఇలా తేలుతుంది. రోజూ 50 కిలోమీటర్లకు మించి, ఎక్కువగా హైవే మీద తిరిగేవారికే డీజిల్ గురించి ఆలోచించే అవసరం. వారికి 1000 నుంచి 1300 సీసీ మధ్య ఇంజిన్, తేలికైన కారు సరిపోతాయి. తరచూ కనుమలు ఎక్కేవారికి, నిండా మనుషులతో వెళ్లేవారికి 1500 సీసీ ఉన్నా మైలేజీలో పెద్దగా నష్టం లేదు. ఊరు దాటనివారు మాత్రం ఏ సీసీ డీజిల్ అని వెతకడం మానేసి, చిన్న పెట్రోలు కారునో విద్యుత్ కారునో చూసుకోవడం మేలు. కారు కొనే ముందు ఒక నెలపాటు రోజూ ఎన్ని కిలోమీటర్లు తిరుగుతున్నారో ఒక కాగితం మీద రాసుకోండి. ప్రకటనల్లోని మైలేజీ కన్నా ఆ కాగితమే మీకు సరైన ఇంజిన్‌ను చూపిస్తుంది.