రాగమున్నది, వరుస ఏది?

తాళ్లపాక అన్నమాచార్యుల (1408-1503) సంకీర్తనములు రాగిరేకులపై నిలిచి, తిరుమల సంకీర్తన భాండారమునుండి మనకు దక్కినవి. సాహిత్యము కలదు, రాగనామము కలదు. స్వరము మాత్రము లేదు. నేడు మనము వినుచున్న వరుసలు చాలవరకు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు మొదలైన తరువాతివారు కూర్చినవే.

ఈ నష్టము నాకు తలపునకు వచ్చినది కొందరు యువ సంగీతకర్తల వెబ్‌సైట్లు చూచినపుడు. తెరచినంతనే సన్మానపత్రములు, శాలువలతో ఛాయాచిత్రములు! పాట ఎక్కడ? నృత్యరూపకమునకో చలనచిత్రమునకో సంగీతము కోరినవాడు వినుటకు వచ్చును గాని చదువుటకు గాదు. మొదటి పుటలోనే మేలైన మూడు వరుసలు దొరకవలెను. (అడుగకయే మ్రోగినచో అదియొక బాధ.) ఒక్కొక్కదాని క్రింద రాగము, రచయిత, గాయకుడు, సంవత్సరము, వీలైనచో స్వరలిపియు నుండవలెను. ఆ చెంతనే ఉత్తరము వ్రాయుటకు చిరునామా. శాలువలు చివరి పుటలో నుండనిండు.