ఇంటి బడిలో ఒక ఏడాది

మా అమ్మాయిని కిండర్‌గార్టెన్‌కు పంపకుండా ఒక సంవత్సరం ఇంట్లోనే చదివించామని తెలిసినప్పటినుంచి, మన సంఘం విందుల్లో కలిసిన మిత్రులు ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నారు. కొందరిది కుతూహలం, కొందరిది ఆందోళన. "ఇద్దరూ డాక్టర్లయి ఉండి ఇదేం పనయ్యా?" అని పెద్దలు ఒకరిద్దరు మందలించారు కూడా. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే మన పత్రికలో నాలుగు ముక్కలు రాస్తే నయమనిపించింది.

ముందుగా కారణం చెప్పాలి. మాకు సిద్ధాంతాలేమీ లేవు. ఇక్కడి బడుల మీద కోపమూ లేదు. 2024 ఆగస్టులో పిల్ల అమ్మమ్మగారు గుంటూరునుంచి ఆరు నెలలుందామని వచ్చారు. అప్పటికే ప్రీస్కూలు ధర్మమా అని మేము తెలుగులో అడిగితే పిల్ల ఇంగ్లీషులో జవాబిస్తోంది. పొద్దున్న ఏడింటికి బడికి వెళ్ళి, సాయంత్రం అలసిపోయి వచ్చే పిల్లకు అమ్మమ్మతో గడిపే వేళ ఏదీ? ఆ ఆరు నెలలు మళ్ళీ రావు. మాలో ఒకరు ఆస్పత్రిలో సగం డ్యూటీకి మారాం, రెండోవారు రాత్రి డ్యూటీలు తీసుకున్నాం. అలా ఇంటి బడి మొదలయింది.

ఇది చట్టవిరుద్ధమేమో అని చాలామందికి అనుమానం. అమెరికాలో 50 రాష్ట్రాలలోనూ పిల్లలను ఇంట్లో చదివించవచ్చు. నిబంధనలు మాత్రం రాష్ట్రానికొక తీరు. మా టెక్సాసులో సెప్టెంబరు 1 నాటికి ఆరేళ్ళు నిండితేనే చదువు నిర్బంధం. కిండర్‌గార్టెన్‌లో చేర్చి తీరాలని లేదు, చేర్చిన తరువాత మాత్రం హాజరు తప్పనిసరి. ఆరేళ్ళు దాటాక కూడా ఇంట్లోనే చెప్పుకోదలిస్తే, ఇంటి బడిని ప్రైవేటు బడిగానే ఎంచాలని ఈ రాష్ట్రపు సుప్రీం కోర్టు 1994లో తీర్పు ఇచ్చింది. చదవడం, స్పెల్లింగు, వ్యాకరణం, లెక్కలు, పౌరధర్మం చెప్పాలి. వేరే రాష్ట్రాలలో ఉన్న మిత్రులు అక్కడి నియమాలు చూసుకోవాలి.

ఇంకొక సంగతి తెలిసి మాకు ధైర్యం వచ్చింది. ఈ దేశంలో మొదటి కిండర్‌గార్టెన్‌ను 1856లో విస్కాన్సిన్‌లోని వాటర్‌టౌన్‌లో మార్గరెత షుర్జ్ అనే ఆవిడ ప్రారంభించారు. ఆవిడ జర్మనీనుంచి వలస వచ్చిన తల్లి. తన కూతురికీ, మరికొందరు బంధువుల పిల్లలకూ తన ఇంట్లోనే జర్మను భాషలో చెప్పుకున్నారు. అంటే మనం ఇవాళ నిర్బంధంలాగా భావించే కిండర్‌గార్టెన్ ఇక్కడ ఒక పరదేశీయురాలి ఇంట్లో, ఇంటి భాషలో పుట్టినదే.

ఇక చదువు సంగతి. మొదటివారం ఎనిమిది పీరియడ్ల టైంటేబులు రాసి ఫ్రిజ్‌కు అంటించాం. మూడోరోజున విద్యార్థిని భోజనాల బల్ల కిందికి దూరి బయటికి రానన్నది. టైంటేబులు చించి పారేశాం. అయిదేళ్ళ పిల్లకు పదిహేను, ఇరవై నిమిషాల చొప్పున రోజు మొత్తం మీద గంటన్నర చదువు చాలునని అప్పటికి తెలిసింది. మిగిలినదంతా ఆట, వంటిల్లు, పెరడు, లైబ్రరీ.

అక్షరాలు వరస ప్రకారం చెప్పలేదు. చేతికి తేలికైనవి ముందు చెప్పాం. సున్న చుట్టడం వచ్చిన పిల్ల దానికి తలకట్టు పెడితే ర అయింది. వ పక్కన ఒక కొమ్ము తగిలిస్తే మ. అమ్మమ్మగారు పళ్ళెంలో బియ్యం పోసి వేలితో దిద్దించారు. లెక్కలకు కూడా తెలుగే తోడయింది. థర్టీన్, థర్టీ రెండూ పిల్ల చెవికి ఒకేలా వినిపించి తికమక పడేది. పదమూడు అన్నప్పుడు పదీ మూడూ అందులోనే ఉన్నాయి, ముప్పైతో కలగాపులగం కాదు. తెలుగులో ఒకసారి బోధపడ్డాక ఇంగ్లీషు అంకెలు దారికి వచ్చాయి.

ఇంతవరకూ చదివి మేమేదో ఘనకార్యం చేశామనుకోకండి. అసలు చెప్పవలసినది ఇప్పుడు చెబుతున్నాము.

డిసెంబరులో ఒకరోజు అమ్మమ్మగారు పిల్లతో కళ్ళు మూసే ఆట ఆడుతున్నారు. ఎడమకన్ను మూస్తే నవ్వుతోంది. కుడికన్ను మూస్తే చెయ్యి తోసేస్తోంది. "ఏమ్మా, ఈ కన్ను మూస్తే పిల్ల ఊరుకోవడంలేదు, చూశారా?" అని ఆవిడ అడిగారు. అల్లరి అన్నాము. మర్నాడు మళ్ళీ అడిగారు. అప్పుడు చార్టు తగిలించి ఒక్కొక్క కన్నే పరీక్షించాం. కుడికంటితో అన్ని వరసలూ చదివింది. ఎడమకంటికి పై రెండు వరసలు తప్ప ఆనలేదు.

దీనిని ఆంబ్లియోపియా అంటారు, వాడుకలో సోమరి కన్ను. ఒక కంటికి పవరు బాగా ఎక్కువగా ఉంటే, ఆ కన్ను పంపే మసక బొమ్మను మెదడు పట్టించుకోవడం మానేస్తుంది. రెండో కన్ను పని జరిపిస్తుంది కనుక పిల్లలు ఏ ఇబ్బందీ చెప్పరు, చదువులో కూడా తేడా కనిపించకపోవచ్చు. నూటికి ఇద్దరు ముగ్గురు పిల్లలలో ఉంటుంది. ఏడేళ్ళలోపు చికిత్స మొదలుపెడితే ఫలితం బాగుంటుంది, ఆలస్యమైనకొద్దీ తగ్గుతుంది.

ఇదంతా మేము చదువుకున్నదే. కాని ఇద్దరం డాక్టర్లమే కదా అని పిల్ల అయిదోయేటి చెకప్ వాయిదా వేశాం. బడిలో చేర్చి ఉంటే టెక్సాసు చట్టం ప్రకారం కళ్ళూ చెవులూ అక్కడే పరీక్ష చేసేవారు. బడికి ఇవ్వవలసిన టీకాల కాగితం కోసమైనా డాక్టరు దగ్గరికి వెళ్ళేవాళ్ళం. మమ్మల్ని అడిగేవారు లేకపోయారు, మేమూ అడుగుకోలేదు. నాలుగు, ఆరేళ్ళ మధ్య వేయవలసిన బూస్టర్లు కూడా ఆ డిసెంబరులోనే వేయించాం. ఆ మరుసటి నెలలో, 2025 జనవరిలో, పశ్చిమ టెక్సాసులో తట్టు మొదలయి, ఆగస్టులో ముగిసేసరికి 762 మందికి సోకింది. టీకా లేని ఇద్దరు బడిపిల్లలు చనిపోయారు. అది చదివిన రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

కళ్ళజోడు, దానితోపాటు మంచి కంటికి రోజూ రెండు గంటలు పట్టీ అని కంటి వైద్యులు చెప్పారు. మధ్యరకం ఆంబ్లియోపియాకు ఆరు గంటల పట్టీకి రెండు గంటలది తీసిపోదని 2003లో ఇక్కడి పరిశోధనలో తేలింది. ఆ రెండు గంటలూ అమ్మమ్మగారు పూసలు గుచ్చించారు, బియ్యంలో మెరికలు ఏరించారు, పలక మీద రాయించారు. ఆవిడ తిరిగి వెళ్ళిపోయాక ఆ పని మేము చేశాం. కన్ను చాలావరకు తేరుకుంది, ఇంకా పూర్తిగా కాదు.

మరొక లోటు తోటిపిల్లలు. శనివారం లైబ్రరీ కథలకు తీసుకెళ్ళినా చాలలేదు. ఇంట్లో ముగ్గురం పెద్దవాళ్ళం, వైకుంఠపాళిలో దాన్నే గెలిపించాం. 2025 ఆగస్టులో ఒకటో గ్రేడులో చేరిన తొలివారం ఏదో ఆటలో ఓడిపోయి ఏడ్చి వచ్చింది. చదువులో మాత్రం వెనకబడలేదు. గుంటూరుకు ఫోను చేస్తే ఇప్పటికీ తెలుగులోనే కబుర్లు చెబుతుంది.

మళ్ళీ అవకాశం వస్తే ఆ ఏడాది అలాగే గడుపుతామా అంటే, గడుపుతాము. పాఠం చెప్పడం మనకు చేతనవుతుంది. కాని బడి మనల్ని అడగకుండా చేసిపెట్టే పనులు కొన్ని ఉన్నాయి. ఇంట్లో చదివించదలచినవారు మొదటి పాఠానికి ముందే పిల్లకు కన్ను, చెవి, పళ్ళు పరీక్ష చేయించండి. టీకాలు సరిచూడండి. వారానికి రెండుసార్లయినా నలుగురు పిల్లలతో ఆడనివ్వండి. డాక్టర్లయితే మీ పిల్లకు మీరు కాక వేరే డాక్టరు ఉండాలి. ఇంట్లో పెద్దవారు ఒకమాట రెండుసార్లు చెబితే, చదువు పక్కనపెట్టి వినండి.