పాత ఫైలు తెరుచుకున్నా పేరు తారుమారు!
డీటీపీ మార్పిడిలో తంటాలు - సరిచూసుకోకుంటే చిక్కులే

భూపాలపల్లి: జిల్లా పేరు ఒక్కటి మార్చితే చాలు, మిగతాదంతా పాతదే కదా అని సంఘం లెటర్‌హెడ్ ఫైలును డీటీపీ దుకాణానికి పట్టుకుపోతే పని అంత తేలికగా తెమలడం లేదు. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లా ఏర్పడింది. అంతకు ముందు రేగొండ, చిట్యాల వైపు కాగితాల మీద 'వరంగల్ జిల్లా' అని, మహదేవపూర్, కాటారం, మల్హర్ వైపు కాగితాల మీద 'కరీంనగర్ జిల్లా' అని ఉండేది. ఆ రోజుల్లో చేయించిన రసీదు పుస్తకాలు, జాతర కరపత్రాలు, సంఘాల సభ్యుల జాబితాలను ఇప్పుడు మళ్లీ తీస్తే కొత్త కంప్యూటర్లలో కొన్ని తెరుచుకోనే తెరుచుకోవు. తెరుచుకున్నా తెలుగుకు బదులు ఆంగ్ల అక్షరాలు, పిచ్చి గుర్తులు కనిపిస్తాయి.

పేజ్‌మేకర్ రాజ్యం

డీటీపీ పనికి పునాది వేసిన పేజ్‌మేకర్ 1985లో వచ్చింది. ఆల్డస్ అనే అమెరికా కంపెనీ దానిని తయారు చేయగా, 1994లో అడోబీ కంపెనీ ఆల్డస్‌ను తనలో కలుపుకున్నది. అదే అడోబీ 1999లో ఇన్‌డిజైన్ అనే కొత్త ప్రోగ్రామును తెచ్చింది. 2001లో వచ్చిన 7.0 తర్వాత పేజ్‌మేకర్‌కు కొత్త రూపం రాలేదు. అయినా తెలుగునాట పెళ్లి పత్రికల నుంచి పుస్తకాల దాకా ఏళ్ల తరబడి దానిమీదే నడిచాయి. అను, శ్రీలిపి ఫాంట్లకు చేతులు అలవాటు పడిపోవడమే ఇందుకు ముఖ్య కారణం.

2012లో వచ్చిన ఇన్‌డిజైన్ సీఎస్6 పేజ్‌మేకర్ 6, 7 ఫైళ్లను తెరిచేది. తర్వాత వచ్చిన సీసీ రకాలలో ఆ వెసులుబాటు తీసేశారు. కనుక పాత ఫైలును ముందు పాత ప్రోగ్రాములో తెరిచి, ఆ తర్వాతే కొత్తదానిలోకి మార్చుకోవలసి వస్తున్నది.

అసలు చిక్కు అక్షరంలోనే

ఫైలు తెరుచుకున్నంత మాత్రాన పని అయిపోదు. పాత ఫాంట్లలో తెలుగు అక్షరాలను ముక్కలుగా విడగొట్టి ఆంగ్ల అక్షరాల స్థానాల్లో కూర్చారు. తలకట్టు ఒకచోట, గుడి ఒకచోట, ఒత్తు ఇంకోచోట ఉంటాయి. ఆ ఫాంటు ఉన్న కంప్యూటరుకే అది తెలుగని తెలుస్తుంది. ఫాంటు లేని కంప్యూటరుకు అది అర్థం లేని ఆంగ్లమే.

యూనికోడ్ పద్ధతి వేరు. 1991లో వచ్చిన ఈ పద్ధతిలో తెలుగుకు 3072 నుంచి 3199 వరకు 128 స్థానాలు కేటాయించారు. 'క' సంఖ్య ఎక్కడైనా 3093. భూపాలపల్లిలో టైపు చేసినా, దుబాయిలో ఫోను తెరిచి చూసినా అది 'క'గానే కనిపిస్తుంది. సెల్‌ఫోన్లలో మనం పంపుకునే తెలుగు ఇదే. అయితే పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు. వాట్సాప్‌లో వచ్చిన పెళ్లి పిలుపు మాటలను నేరుగా అందులో అతికిస్తే వరుసగా ప్రశ్నార్థకాలు వస్తాయి.

ఒకదాని నుంచి మరొకదానికి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. కానీ అవి చెప్పినదల్లా నమ్మరాదు. పాత ఫాంట్లు చాలావాటిలో క్రావడి అక్షరానికి ముందే పడుతుంది. కన్వర్టరు దానిని వెనక్కి జరపకపోతే 'చంద్రయ్య' కాస్తా 'చం్రదయ్య' అవుతుంది. 'ప్రజలు' అన్న మాట '్రపజలు'గా మారుతుంది. మధ్యలో ఆంగ్లంలో ఉన్న పాన్ నంబరు, ఈమెయిలు చిరునామా వంటివి కూడా తెలుగు ముక్కలై చెడిపోతాయి. పేజీ కొత్త ప్రోగ్రాములోకి పోయినప్పుడు వరుసలు కిందికి జారడం, ఫొటోలు కనపడకపోవడం మామూలే. పెళ్లి పత్రికలో తప్పు పడితే నవ్వులతో పోతుంది. సభ్యుల జాబితాలోనో, కలెక్టరుకు ఇచ్చే అర్జీలోనో తప్పు పడితే ఆ పేరు తనదేనని రుజువు చేసుకోవడానికి మనిషి ఆఫీసుల చుట్టూ తిరగాలి.

ఏం చేయాలి?

దుకాణంలో పని పూర్తి కాగానే అచ్చు కాగితాలతో సరిపెట్టుకోకుండా మూడు అడిగి తీసుకోవాలి. ఒకటి, ఫొటోలతో సహా అసలు ఫైలున్న ఫోల్డరు. రెండు, పీడీఎఫ్. ఇది ఎక్కడైనా ఒకేలా కనిపిస్తుంది. కానీ పాత ఫాంటుతో చేసిన పీడీఎఫ్ చూడడానికే తప్ప అందులోని మాటలను వెతకడానికి, తీసుకోవడానికి పనికిరాదు. అందుకే మూడోది, యూనికోడ్‌లోకి మార్చిన మాటలు. ఏ ఫాంటు, ఏ ప్రోగ్రాము వాడారో కాగితం మీద రాయించుకుంటే ఇంకా మంచిది.

మార్చిన ప్రతిని పాత అచ్చు కాగితం పక్కన పెట్టుకుని ఇద్దరు కూర్చోవాలి. ఒకరు చదువుతుంటే మరొకరు చూడాలి. పేర్లు, ఇంటిపేర్లు, సర్వే నంబర్లు, తేదీలు ముందు చూడాలి. ఫైలు పోయి అచ్చు కాగితం మాత్రమే మిగిలినా ఆశ వదులుకోనక్కరలేదు. దాన్ని ఫొటో తీసి గూగుల్ డాక్స్‌లో తెరిస్తే తెలుగు మాటలుగా మార్చి ఇస్తుంది. దానిలోనూ తప్పులు దొర్లుతాయి కనుక చదవక తప్పదు.

ఊరి దేవాలయ చరిత్రలు, బతుకమ్మ పాటల పుస్తకాలు, బడి వార్షికోత్సవ సంచికలు ఇలాంటి పాత ఫైళ్లలోనే ఉండిపోయాయి. దుకాణం మూతపడినా, ఆ కంప్యూటరు చెడిపోయినా అవి మళ్లీ దొరకవు. పాత ప్రోగ్రాము తెలిసిన ఆపరేటర్లు ఉన్నప్పుడే సంఘాలు, బడులు, ఆలయ కమిటీలు తమ ఫైళ్లను మార్పించి భద్రపరచుకోవలసిన అవసరం ఎంతైనా ఉన్నది.